కిరోసిన్ కంపు, నీలం పొడి

మొన్న పక్కింటావిడ పరుగున వచ్చి, మా వంటింట్లోంచి గ్యాసు కంపు వీధిదాకా కొడుతోందని కేకలేసి సిలిండరు కట్టేసింది. స్టవ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్న నాకు ఏమీ తెలియలేదు, తెలిశాక భయమూ వేయలేదు. నా ముక్కు మొద్దుబారి అరవై ఏళ్లు దాటిందని ఆమెకు ఎక్కడినుంచి చెప్పుకురాను!

మన ఈడువాళ్లకు ఆనాటి కిరోసిన్ బుడ్ల కంపు గుర్తుండే ఉంటుంది. అనంతపురంలో ఒక కాలేజీ ప్రయోగశాలలో చేరిన కొత్తలో మా గురువుగారు నాకు అప్పగించిన పని ఆ కంపు వదిలించడమే. కోబాల్టుతో చేసిన నీలం పొడి చిటికెడు తీసుకుని క్షారంలో కలిపి, అందులో కిరోసిన్ పోసి గాలి ఊదితే, పొడి తాను తరగకుండానే కంపు కొట్టే గంధకపు పదార్థాన్ని మార్చేస్తుంది. ఆ పొడిని ఇంకా చురుగ్గా పనిచేయించి చూపిస్తే నాకు పరిశోధన వేతనం, ఆపైన డాక్టరేటు. నా ఆశలన్నీ దానిమీదే. కంపు పోయిందో లేదో తేల్చే సిల్వర్ నైట్రేటు కొనే స్తోమత మాకు లేదు గనుక, పొద్దస్తమానం సీసాలు వాసన చూసే నా ముక్కే పరికరం.

ఒకనాడు ఏ సీసాలోనూ కంపు లేదు. సంబరపడిపోయి నివేదిక రాసిచ్చేశాను. సీసాలు కడిగే అటెండరు చాచా మాత్రం మూత తీసి మొహం తిప్పుకున్నాడు.

"ఏమప్పా, యాడ పోయింది? గబ్బు ఆడనే ఉండాది కదా!"

ఇంటికెళ్లి ఇంగువ డబ్బా మూత తీసి చూశాను. ఏ వాసనా రాలేదు.

మర్నాడే గురువుగారికి ఉన్నదున్నట్టు చెప్పి నివేదిక వెనక్కి తీసుకున్నాను. ఆయన కోప్పడలేదు. వేతనం ఇంకొకరికి పోయింది, నేను బడిపంతులునయ్యాను. ఏడుపు రావాలి కదా, అదీ రాలేదు, తినే అన్నంలాగే అంతా చప్పగా ఉండేది.

ఆ ఏడు విడపనకల్లు దగ్గర మా చేలు బీళ్లుగానే ఉండి, ఎన్నాళ్లకో ఒక మధ్యాహ్నం వాన పడింది. నాయన తడుస్తూనే వెళ్లి పిడికెడు మట్టి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టినాడు.

"వాసన చూడప్పా, ఎంత బాగుండాదో!"

గురువుగారి ముందు నిజం చెప్పిన నోటితోనే, బాగుండాది నాయనా అన్నాను.

ఇప్పుడు ప్రయోగశాలల్లో యంత్రాలే అంకెలు చెబుతున్నాయట, ఎవరి ముక్కుతోనూ పనిలేదు. మంచిదే. తడిమట్టి వాసన ఎలా ఉండేదో నాకు గుర్తే లేదు, అడుగుదామంటే నాయన లేడు.