అడ్డం

పొద్దున్నే మా ఆఫీసులో అందరం నిలబడి మాట్లాడుకోవాలి. కూర్చుంటే కబుర్లు సాగుతాయని మా టీమ్ లీడర్ అక్క పెట్టిన నియమం. మార్కాపురంలో పలకల గోడౌను పైన రెండు గదులు, అదే మా సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఒక్కొక్కరూ మూడు సంగతులు చెప్పాలి: నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఏదన్నా అడ్డం ఉందా. ఎవరైనా సరే, "అడ్డం" అన్నారా, ఆ మాట పూర్తిగా వినేదాకా ఎవరూ కీబోర్డు మీద చెయ్యి వేయకూడదు. అక్క కూడా.

నాకు మొదట్లో ఒళ్లు మండేది. అసలే నా కోపం ముక్కు మీద ఉంటుంది. పని జోరుగా సాగుతుంటే మధ్యలో ఈ అడ్డం గోలేమిటని గొణిగేవాణ్ణి. గొణుగుతూనే చేతులు తీసేవాణ్ణి. తీసీ తీసీ అలవాటైపోయింది.

ఆ ఎండాకాలం ఒక నీళ్ల ట్యాంకర్ల కాంట్రాక్టర్‌కు యాప్ చేస్తున్నాం. ట్యాంకర్ ఊళ్లోకి రాగానే ప్రతి ఇంటి ఫోనుకూ ఓటీపీ వెళ్తుంది. ఆ నంబరు చెప్తేనే నీళ్లు. ఇంకేం, అంతా అయిపోయిందని నేను సంబరపడుతుంటే, యాప్‌లో తప్పులు పట్టే మా టెస్టర్ నోరు విప్పింది. టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే సాయిబు గారి కూతురు. ఆమె గట్టిగా మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు.

"అడ్డం ఉందక్కా. అర్ధవీడు పక్క ఊరికి ఓటీపీలు పంపి చూసినా. సగం బెంగుళూరికి పోతున్నాయి. మొగోళ్లు పనులకు పోతా ఫోన్లు తీసకపోయినారు. బిందె పట్టుకోని నిలబడేది ఆడోళ్లు గదా?"

"మరి ఏం చేద్దామో నువ్వే చెప్పు," అంది అక్క.

"ముందు ఆ ఊర్లో ఒక్క ట్యాంకర్‌తో చూద్దాం. ఓటీపీ లేనోళ్లకు పేరు అడిగి నీళ్లిద్దాం. నేను గూడ వస్తా."

కాంట్రాక్టర్ ఫోన్లో సరేనన్నాడు. అక్క, టెస్టర్, నేను అక్క కారులో వెళ్లాం, అతను ట్యాంకర్‌లో వచ్చాడు. తీరా ఊళ్లో ట్యాంకర్ ఆగి, ఆడవాళ్లంతా బిందెలతో మూగాక మాట మార్చాడు.

"నంబరు లేకుంటే చుక్క గూడ పొయ్యను. దొంగ బిందెలెన్నో నాకు తెలుసులే."

"మనం అట్ల అనుకోలేదు గద సార్," అంది టెస్టర్.

"ఏయ్ పిల్లా, నాకు చెప్పేదానికి నువ్వెవరు?" అంటూ ముందు నిలబడ్డ ముసలామె బిందెను కాలితో తన్నాడు.

అంతే. ఎవరు విసిరారో తెలియదు, రాయి వచ్చి తగిలి ట్యాంకర్ అద్దం పగిలింది. డ్రైవర్ నుదురు చిట్లి రక్తం కళ్లల్లోకి కారింది. ఇంకో రాయి టెస్టర్ కనుబొమ మీద తగిలింది. ఫోన్లున్నవాళ్లు ముందుకు తోసుకొచ్చారు, లేనివాళ్లు వాళ్ల జుట్లు పట్టుకుని ఈడ్చారు. బిందెలతోనే కొట్టుకుంటున్నారు. కాంట్రాక్టర్ క్యాబిన్‌లోంచి ఇనపరాడ్ తీసి ఆ ముసలామె భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

ఎప్పుడు దూకానో నాకే తెలియదు. రాడ్ లాక్కుని, వాణ్ణి కింద పడేసి, రొమ్ము మీద మోకాలు పెట్టాను. మోచేతి మీద ఒకటి వేశాను. వాడు అరిచాడు. దాచడమెందుకు, ఆ అరుపు నాకు హాయిగా ఉంది. రెండోది తలకు గురిపెట్టి ఎత్తాను. "చంపన్నా, చంపు!" అని వెనక ఎవరో కేక పెట్టారు. చంపేవాణ్ణే. అందులో అనుమానం లేదు.

"అడ్డం! అన్నా, అడ్డం!"

టెస్టర్ గొంతు. అంత గొంతు ఆమెలో ఉందని ఎవరికి తెలుసు! ఆలోచించి ఆగానని చెప్పను, అబద్ధం. కీబోర్డు మీద నుంచి తీసినట్టే వేళ్లు వాటంతటవే విడిపోయాయి. రాడ్ నా వీపు వెనక పడింది.

ఆ రాళ్ల మధ్యలోనే అక్క ఆమె దగ్గరికి పరుగెత్తింది. "చెప్పు, వింటున్నా."

"వాల్వు తిప్పమనక్కా. అందరికీ వదిలేయమను."

అక్క కేకేసింది. డ్రైవర్ ఒక చేత్తో నుదురు అదుముకుని, ఇంకో చేత్తో తిప్పాడు. నీళ్లు నేల మీద పడ్డ చప్పుడుకు చేతుల్లో రాళ్లు వదిలి అందరూ బిందెల కోసం వెతుక్కున్నారు. ముసలామెను కంభం ఆసుపత్రికి అక్క కారులోనే తీసుకెళ్లాం. కాంట్రాక్టర్‌ను కూడా ఎక్కించమంది అక్క. వాడి పక్కన నేను కూర్చోనన్నాను. డ్రైవర్ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున అందరం నిలబడ్డాం. టెస్టర్ కనుబొమ మీద కుట్లు. నా వంతు వచ్చింది.

"నిన్న ఏం చేసినావు?" అడిగింది అక్క.

"మనిషిని చంపబోయినా."

ఒక్కరూ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. విన్నారు.

"ఈరోజు?"

"స్టేషన్‌కు పోయి జరిగింది జరిగినట్టు చెప్తా."

"ఏదన్నా అడ్డం ఉందా?"

టెస్టర్ కుట్ల వైపు చూశాను.

"నిన్న ఉన్నిందక్కా. లేకుంటే ఈపొద్దు నేను ఈడ నిలబడుండను."