విమల వంత

1998 జూన్‌లో నన్ను కాకినాడలో ఒక బాలికల ఉన్నత పాఠశాలకు సంగీతం టీచరుగా వేశారు. నాకు సంగీతం, చదువు రెండూ నాయనమ్మే ఇంట్లో నేర్పింది. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టాను. బడికి వెళ్లి చదవని నాకు బడిలోనే అన్నం పెట్టించిన ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ ఏడు చలికాలంలో నన్ను మోడల్ లెసన్ ఇమ్మన్నారు. అంటే తనిఖీ అధికారి వెనక బెంచీలో కూర్చుని చూసే పాఠం. పిల్లలు ఎలాగూ సినిమా పాటలే పాడుకుంటారు కదా, వాటిలో దరువు ఎక్కడిదో చెబుదామనుకున్నాను. రేడియోలో పనిచేసే స్నేహితురాలు పశ్చిమ ఆఫ్రికా పాటల క్యాసెట్ ఇచ్చింది.

తొమ్మిదో తరగతికి ఆ సంగతి చెప్పాను. అక్కడి మనుషుల్ని పట్టి, సంకెళ్లు వేసి, ఓడల్లో సముద్రం దాటించి అమెరికాలో అమ్మేశారు. చాలాచోట్ల వాళ్ల డోళ్లు కూడా లాక్కున్నారు. వాళ్లు చప్పట్లతో, కాళ్లతో దరువు నిలబెట్టుకున్నారు. పొలాల్లో, చర్చిల్లో పాడుకున్న ఆ వరసలే తరాలు మారి, దేశాలు తిరిగి, మన సినిమా పాటల్లోకీ వచ్చాయి.

ఆ పాటల్లో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు బదులిస్తారు, మన బుర్రకథలో వంత లాగే. క్యాసెట్‌లోని ఒక వరసకు తెలుగు మాటలు కట్టాను. ఆ తరగతి పిల్లల్లో పద్మ ముందు పాడాలి, విమల వంతల జట్టుకు పెద్ద.

మర్నాడు విమల నాన్నగారు వచ్చారు. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా.

"ఆఫీసులో నేను వంత పాడుతున్నది చాలదాండీ? మా పిల్లక్కూడా అదేనా? సంగీతం మాన్పించేసి టైపులో చేర్పిస్తాను," అన్నారు.

ఒక్క పీరియడు కూర్చుని విని, ఆ తరవాత మీ ఇష్టమని బతిమాలాను. కూర్చున్నారు.

అంతవరకూ పిల్లలు ఎంతో మర్యాదగా, పద్మ పాడటం ముగించేదాకా ఆగి అప్పుడు అందుకునేవారు. పాట తెగి తెగి నడిచేది. ఆ రోజు విమల ఆగలేదు. పద్మ చివరి మాట ఇంకా నోట్లో ఉండగానే అందుకుంది.

"చూడండి టీచరుగారూ! నన్ను పూర్తి చెయ్యనివ్వట్లేదు," అంది పద్మ.

"నీది పూర్తయ్యేసరికి దరువు చల్లారిపోతోందే తల్లీ!" అంది విమల. పిల్లలు గొల్లుమన్నారు.

క్యాసెట్ మళ్లీ పెట్టాను. అందులోనూ అంతే. ముందు గొంతు ఆగకముందే బదులు వచ్చి కలుస్తోంది; దాని మీద కాలు మోపి ముందు గొంతు పైకి పోతోంది. మరోసారి పాడించాను. పాట ఎక్కడా తెగలేదు.

"ఆ వంత అనే మాటొక్కటి మార్చండి," అన్నారు విమల నాన్నగారు.

'బదులు' అందామన్నాను.

"వద్దండీ, వంతే అనండి," అంది విమల. వాళ్ల నాన్నగారి వైపు తిరిగి, "మీ ఆఫీసులో పెద్దాయన మాట అయ్యేదాకా ఆగాలి నాన్నగారూ. ఇక్కడ ఆగితే పాటే ఉండదు," అంది.

ఆయన తల వంచుకుని కొంచెం నవ్వారు. టైపు మాట మళ్లీ ఎత్తలేదు. పదో తరగతి అయ్యేదాకా విమల నా దగ్గరే పాడింది.

మోడల్ లెసన్ చూసి, పాఠం సిలబస్‌లో లేని విషయమని తనిఖీ అధికారి రాశారు. అది నిజమే. నేను నేర్చుకున్నది వేరు. పాటలో ఒక పిల్లకిచ్చిన చోటు చిన్నదని ఇంటివాళ్లు అనుకుంటే, కాదని చెప్పి ప్రయోజనం లేదు. ఆ చోట ఎంత పని ఉందో వాళ్లను కూర్చోబెట్టి వినిపించాలి.