పెళ్లిచూపుల్లో ప్రార్థన

మా క్రైస్తవ సంఘంలో పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయిని జీతమెంత అని అడగడానికి ముందు ప్రార్థన చేయమంటారు. మగవాళ్లు కళ్లు మూసుకుంటారు, ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుంటారు, అబ్బాయి లేచి నిలబడి సొంత మాటలతో దేవునితో మాట్లాడాలి. కాగితం చూడకూడదు. అందరికీ కంఠస్థం వచ్చిన ప్రార్థన అప్పజెప్పకూడదు. మనిషి అసలు సరుకు ఆ కాసేపట్లో బయటపడుతుందని మా పెద్దల నమ్మకం. నాకూ అదే నమ్మకం. భోజనం చేస్తూ అబద్ధం చెప్పవచ్చు, నవ్వుతూ చెప్పవచ్చు. కళ్లు మూసుకుని దేవుణ్ని పిలిచి చెప్పడం మాత్రం కష్టం.

సంఘపెద్ద ఒకాయన ఉండేవాడు. వారమంతా పసుపు గోదాములో మేస్త్రీ, ఆదివారం మాకందరికీ మేస్త్రీ. నేను ఆయన్ను కాకా అని పిలిచేవాణ్ని. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక సంబంధాన్ని ఆయన ప్రార్థన దగ్గరే తిప్పి పంపాడు. అబ్బాయి ఆకాశాన్నీ భూమినీ చక్కగా స్తుతించాడట గానీ, మధ్యలో ఒక కన్ను తెరిచి చేతి గడియారం చూసుకున్నాడట. కళ్లు మూసుకున్న కాక అది ఎలా చూశాడని ఎవరూ అడగలేదు.

ఆ కాక కూతురినే నా స్నేహితుడు ప్రేమించాడు. వాడు ఆర్మూర్‌లో ఒక సినిమా హాల్లో ఆపరేటరు.

ఇది ఎనభైల చివర. అప్పట్లో మా సంఘంలో సినిమా అంటే సారాయికి తోబుట్టువు. నేను ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ని, సినిమాహాలు ఉన్న వీధిలో నడవాల్సి వస్తే అవతలి పక్కన నడిచేవాణ్ని. వాడేమో ఆ హాలు పైగదిలో కూర్చుని రీళ్లు తిప్పేవాడు. వాళ్లమ్మ మా సంఘం మనిషే. వాడు మాత్రం క్రిస్మస్‌కు వచ్చి కేకు తిని పోయే రకం. కాక కూతురు గోదాములో పసుపు కొమ్ములు ఏరడానికి వెళుతూ, ఒకరోజు హాలు ముందు వాణ్ని ఆపి, ఆదివారం పొద్దున ఆట ఉంటదా అని అడిగింది. ఉండదన్నాడు. మరి కూడికకు రావడానికి ఏం రోగం అంది. ఆ వచ్చే ఆదివారం నుంచి వాడు ఒక్క కూడికా తప్పలేదు. వెనక, చెప్పులు విడిచే చోట కూర్చునేవాడు. ఆమె పాట ఎత్తుకుంటే చప్పట్లు కొట్టడం మరిచిపోయి చూసేవాడు.

సంబంధం మాట నేనే తీసుకుపోవాల్సి వచ్చింది. కాక నన్ను నిలబెట్టి పైనుంచి కిందికి చూశాడు.

"ఒరే, పిల్లలకు వాక్యం చెప్పేటోడివి, సినిమా పిల్లగాని రాయబారం మోసుకొస్తివా?"

నేను వాడి మంచితనం గురించి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంచోడో చెడ్డోడో నువ్వు చెప్పకు. రమ్మను. ప్రార్థన చేయమను. నోరు తెరిస్తే ఎరుకైతది."

వాడికి ఈ మాట చెబితే ముఖం తెల్లబోయింది. వాడికి ఎదురుగా మనిషి ఉంటేనే మాట రాదు, కనబడని దేవునితో పదిమంది ముందు ఏం మాట్లాడతాడు? నేర్పమని నా మీద పడ్డాడు. ఆట నడుస్తుండగా వాడు గది వదిలి రాలేడు. నేనే పోవాలి. చాలా ప్రార్థించి ఒక నిర్ణయానికి వచ్చాను. సినిమా చూడనని నేను చేసుకున్న తీర్మానం కళ్లకు సంబంధించినది. కాబట్టి మధ్యాహ్నం ఆటకు వెనక మెట్లెక్కి పైగదికి పోయి, తెరవైపు ఉన్న కంతకు వీపు పెట్టి కూర్చునేవాణ్ని. చెవుల గురించి నేను ఏ తీర్మానమూ చేసుకోలేదు.

అప్పుడు ఆడుతున్నది ఏదో భాష నుంచి తెలుగులోకి మార్చిన సినిమా. ఒక ఊళ్లో చాయ్ దుకాణం నడిపే అతను ఉంటాడు. దూరం నుంచి ఒక ముసలి కవి వచ్చి ఆ దుకాణంలో రోజూ కూర్చుంటాడు. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. చాయ్ దుకాణం అతను పాలమ్మే పిల్లను ప్రేమిస్తాడు గానీ ఆమె రాగానే నోరు కట్టేసినట్టు అవుతుంది. నాకు రెండు మాటలు చెప్పమని కవిని బతిమాలుతాడు. కవి రెండు చరణాలు చెప్పి, మూడోది మొదలుపెట్టి, సగంలో ప్రాణం విడుస్తాడు. మిగిలిన సగం ఇతను కట్టుకోవాలి. ఇంతే కథ. ఒక్క ఫైటు లేదు. మా ఊళ్లో అది రెండో రోజే చచ్చింది. కానీ నిజామాబాద్ నుంచి రావాల్సిన తర్వాతి సినిమా రీళ్ల పెట్టె ఎక్కడో చిక్కుబడింది. అది వచ్చేదాకా దీన్నే ఆడించమన్నాడు యజమాని. కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రమని రిక్షాలో మైకు కట్టి ఊరంతా చెప్పించాడు.

అలా వాడికి ఒక చెవిలో కవి, ఒక చెవిలో నేను. ప్రార్థనకు ఒక క్రమం ఉంటుందని వాడికి చెప్పాను. ముందు స్తుతి, తర్వాత కృతజ్ఞత, తర్వాత ఒప్పుకోలు, చివరికి విన్నపం. స్తుతిలో దేవుణ్ని ఏమేమని పిలవాలో వరసగా చెప్పించాను. కృపగల తండ్రీ, మహోన్నతుడా, సర్వశక్తిగల దేవా. వాడు మహోన్నతుడి దాకా వచ్చేసరికి మిషన్‌లో కార్బన్ కడ్డీ అరిగి వెలుగు తగ్గేది, కింద నుంచి ఈలలు. కడ్డీ జరిపి మళ్లీ మొదటికి వచ్చేవాడు.

"దేవునికి గిన్ని పేర్లు ఎందుకురా? ఒక్క పేరుతోని పిలిస్తే పలకడా?"

"దేవుడు పలుకుతడు. కాక పలకడు."

వారం గడిచినా వాడికి నేను చెప్పినవి ఒంటబట్టలేదు. సినిమాలో కవి చెప్పిన చరణాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. నాకు కూడా వచ్చేశాయి. వీపు పెట్టి కూర్చున్నా చెవులు ఊరుకోవు కదా.

పెళ్లిచూపుల రోజు కాక ఇల్లు నిండిపోయింది. సంఘంలో సగం మంది ఏదో ఒక పని కల్పించుకుని వచ్చారు. సినిమా పిల్లగాడు ప్రార్థన చేస్తాడంటే అది చూడదగ్గ విషయమే. కాక కుర్చీలో, ఆయన తల్లి గోడకానుకుని చాప మీద, ఆడవాళ్లు ఆమె చుట్టూ. అమ్మాయి వంటింట్లో, పరదా వెనక. నేను దారిపొడుగునా వాడికి ఒకటే చెప్పాను. చదువు సంగతి ఎత్తకు, ఇంటి సంగతి అసలే ఎత్తకు, దేవుణ్ని బాగా పొగిడి కూర్చో.

కాక కళ్లు మూసుకుని, కానియ్యి బిడ్డా అన్నాడు. వాడు లేచాడు.

"కృపగల తండ్రీ..."

అంతే. ఆ తర్వాతి పేరు వాడికి అందలేదు. కాక దగ్గాడు. నేను లోలోపల మహోన్నతుడా, మహోన్నతుడా అని అందిస్తున్నాను. దేవుడు విన్నాడేమో గానీ వాడు వినలేదు. చెమటలు కక్కుతూ, నోటికి ఏది అందితే అది పట్టుకున్నాడు. పట్టుకున్నది కవిని.

"నువ్వు నడిచిన దారిలో దుమ్ము కూడా పండుగ చేసుకుంటుంది తండ్రీ."

నా గుండె ఆగింది. కానీ మళ్లీ కొట్టుకుంది. మా వాళ్లలో సినిమా చూసిన వాళ్లెవరు? చివర తండ్రీ అని తగిలించాడు కాబట్టి, వినడానికి స్తుతిలాగే ఉంది. నేను నేర్పిన దానికంటే బాగానే ఉంది.

"నువ్వు పలకరించని నాడు పొద్దు పొడుస్తుంది గానీ..."

తెల్లవారదు అని వాడింకా అనలేదు. ఆడవాళ్ల వైపు నుంచి "ఆమెన్" వచ్చింది. ఒక్క గొంతు కాదు, నాలుగైదు.

ప్రార్థించేవాడు మాట ముగించాకే మా సంఘంలో ఆమెన్ అంటారు. కాక ముందు అలా తొందరపడే ధైర్యం ఎవరికీ లేదు. నేను కళ్లు తెరిచాను. కాక తల్లి కళ్లు గట్టిగా మూసుకుని ఉంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. వాడికంటే ఒక మాట ముందే ఉంది. పక్కన ఉన్న ఆడవాళ్ల కొంగుల కింద కూడా అదే కదలిక. అప్పుడర్థమైంది నాకు. రిక్షా మైకు చెప్పిన మాట మా వాళ్లు కూడా విన్నారు. కుటుంబ సమేతంగా చూశారు. ఒక కుటుంబానికి తెలియకుండా ఒక కుటుంబం.

వాడికి ఇదేమీ తెలియదు. ఆమెన్ వినేసరికి ఊపు వచ్చింది. గొంతు పెంచాడు.

"నా ఇంటికి తలుపు పెట్టలేదు, ఎందుకంటే..."

ఆగాడు.

ఎందుకు ఆగాడో నాకు తెలుసు. ఆ గదిలో చాలామందికి తెలుసు. కవి చనిపోయింది అక్కడే. ఆ తర్వాత చాయ్ దుకాణం అతను సొంతంగా కట్టిన మాట, నీ కాలి పట్టీల సవ్వడి తలుపు తట్టి లోపలికి రావలసిన పని లేదు అని. పాలమ్మే పిల్లతో అనవలసిన ఆ మాట సర్వశక్తిగల దేవునితో ఎలా అంటాడు? ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను, ప్రభువా, పట్టీలు రానివ్వకు, అని ప్రార్థించాను. నా జీవితంలో అంత పొట్టి ప్రార్థన, అంత మనస్ఫూర్తిగా చేసింది, మరొకటి లేదు.

వాడు ఇంకోసారి ఎందుకంటే అన్నాడు. గొంతు మారిపోయింది. సినిమా పోయి, మా ఊరి మాట వచ్చింది.

"ఎందుకంటే మా ఇంటికి నిజంగనే తలుపు లేదు తండ్రీ. పోయిన వానకాలం చెదలు తిన్నది. గోనెసంచి కట్టినం. చెప్పొద్దన్నడు వీడు, గని నీకు తెల్వనిదా? గీ పిల్ల వస్తనంటే తలుపు పెట్టిస్త. టేకుది నాతోని కాదు, తుమ్మకట్టెది. నా పని గురించి నువ్వే చెప్పు. చీకట్ల కూసోని అందరికి వెలుగు సూపెట్టుడు తప్ప నాకు ఇంకో పని రాదు. పిల్లనియ్యరంటే ఏం చేస్త. జర ఓర్పన్న ఇయ్యి తండ్రీ. బజార్ల ఎదురైతే తల తిప్పుకోకుండ వందనాలు చెప్పేటంత."

చెప్పడం అయిపోయింది. ప్రార్థన ముగించే మాటలు ఏవో ఉంటాయని వాడికి గుర్తు లేదు. ఊరికే నిలబడ్డాడు. ముగించకపోతే ఎవరూ కళ్లు తెరవకూడదు. ముసలమ్మ పెదవులు ఇప్పుడు కదలడం లేదు. ఇది ఆమె చూసిన సినిమాలో లేదు.

అప్పుడు పరదా వెనక నుంచి "ఆమెన్" అని వినపడింది. ఆదివారం పాట ఎత్తుకునే గొంతు, స్పష్టంగా, గదికంతా సరిపోయేలా.

ఒకరు గట్టిగా ఆమెన్ అంటే మిగిలిన వాళ్ల నోళ్లు వాటంతట అవే కదులుతాయి. చిన్నప్పటి నుంచి పడిన అలవాటు. గదంతా ఆమెన్ అంది. గదితో పాటు కాక కూడా అన్నాడు. అన్నాక కళ్లు తెరిచి, జేబులోంచి ఏదో జారిపోయిన మనిషిలా చుట్టూ చూశాడు. ఆమెన్ అంటే అలాగే జరుగుగాక అని అర్థం, తేలికగా అనకూడదు అని మాకు నేర్పింది ఆయనే. అన్న దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఆయన నేర్పలేదు.

అవునని గానీ కాదని గానీ ఆయన ఏమీ చెప్పలేదు. ఆడవాళ్లు చాయ్ తెచ్చారు, తాగాం. సెలవు తీసుకుని బయటికి వస్తే, బస్సు ఆగే సడక్ దాకా వస్తానని ఆయన కూడా చెప్పులు తొడుక్కున్నాడు. ఇంట్లో అనలేని మాట దారిలో అంటాడని నాకు భయమేసింది. ముగ్గురం గోదాముల పక్క నుంచి నడిచాం.

"నువ్వు ముంగట చెప్పిన మాటలు యాడియిరా?" అన్నాడు కాక.

వాడు అబద్ధం చెప్పలేదు. "సినిమాలయి."

"ఎరుకే."

ఇంకొంచెం దూరం నడిచాం. కాక వెనక్కి తిరిగి, వినేవాళ్లెవరూ లేరని చూసుకున్నాడు. నన్ను లెక్కలో వేసుకోలేదు.

"గా చాయ్ దుకాణమాయనకు పిల్లనిచ్చిండ్రా ఆఖరికి?"

ఇద్దరం ఆయన ముఖం చూశాం. ఆయన మాత్రం ఎదురుగా ఉన్న దారినే చూస్తున్నాడు. తర్వాత నాకే తట్టింది. సినిమా హాల్లో ఆడవాళ్లకు గోడ కట్టిన విడి జాగా ఉంది, కొంగు కప్పుకుని చివరిదాకా కూర్చుంటారు. సంఘపెద్ద అయితే దీపాలు ఆరిపోయాక లోపలికి రావాలి, ఇంటర్వెల్‌కు అవి వెలిగేలోపు బయటపడాలి. కవి చనిపోగానే ఈయన లేచి వచ్చేసి ఉంటాడు. ఆ పాలమ్మే పిల్ల సంగతి ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుని, ఇంట్లో అడగలేక, ప్రార్థనలో కూడా అడగలేక తిరుగుతున్నాడు.

"ఇచ్చిండ్రు మామా" అన్నాడు వాడు.

మామ అన్న మాట వాడి నోట్లోంచి వచ్చేసింది. వాడు నాలుక కరుచుకున్నాడు. నేను కాక వైపు చూశాను. ఎవడ్రా నీకు మామ అని ఆయన అనలేదు. నడక కొంచెం తగ్గించాడు.

"ఎట్ల ఒప్పుకున్నరు? సక్కగ చెప్పు, కవి సచ్చిపోయిన కాడికెల్లి."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. సడక్ వచ్చింది, బస్సు కూడా వచ్చి ఆగింది. మాలో ఎవరూ ఎక్కలేదు.