జపాన్ హోటల్లో పక్షికి పెట్టిన ముద్ద

దయ్యాలు లేవు. ఇది రాసి ముగించాక కూడా అదే మాట మీద ఉంటాను. నేను డిప్లొమా మెకానికల్ చదివాను. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. కొలవగలిగినదాన్నే నమ్ముతాను.

ముత్తంగి దగ్గర రింగ్ రోడ్డు పని ఇంకా నడుస్తున్న రోజులు. నాతో పనిచేసే యాదగిరి పచ్చకామెర్లతో చనిపోయాడు. కాజీపల్లి వాడు. మూడో రోజు ఇంటివాళ్లు అతనికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పక్షికి పెట్టారు. కాకి ముట్టలేదు. ఐదో రోజూ, పదకొండో రోజూ అంతే. ఏదో కోరిక మిగిలిందన్నారు. పక్షి ముట్టేదాకా తానూ అన్నం ముట్టనని తల్లి ఎల్లమ్మ చాయ్ మీదే బతుకుతోంది. గోడ పట్టుకోకుండా లేవలేని స్థితికి వచ్చింది.

నాకు కోపం వచ్చింది. ఆ కోరిక ఏమిటో నాకు తెలుసు. జపాన్ ఇంజనీర్ల కోసం ముత్తంగి దగ్గర పెట్టిన హోటల్లో సుషీ తినాలని యాదగిరి తెగ ముచ్చటపడేవాడు. ఎల్లమ్మను అక్కడికే తీసుకెళ్లాను. నా లెక్క సులువు. ఆ హాలుకు ఏసీ, చుట్టూ బిగించిన అద్దాలు. కాకి వచ్చే వీలే లేదు. కోరిక తీర్చాం, ఇక్కడికి పక్షి రాలేదు కాబట్టి దాని కోసం ఆగే పని లేదు, ఇక తిను అని ఒప్పించవచ్చు.

మధ్యాహ్నం పన్నెండున్నర. హాల్లో మేమిద్దరమే. వెయిటర్ ప్లేటు తెచ్చాడు. ఆరు అన్నం ముద్దలు, ఒక్కోదాని మీద పచ్చి చేప ముక్క.

"గిదేంది బిడ్డా, వీళ్లకు పొయ్యి లేదా?" అంది ఎల్లమ్మ.

"వాళ్లు గిట్లనే తింటరమ్మా."

"మావోడు దీనికేనా గంతగనం మొత్తుకున్నది? చెప్తే ఇంట్లనే పచ్చి చేప పెట్టకపోదునా!"

నవ్వింది. కొడుకు పోయాక అదే మొదటిసారి. ఒక ముద్ద చిన్న ప్లేటులోకి తీసి పక్క కుర్చీ ముందు పెట్టింది. "జల్దీ రా కొడుకా. నీ దోస్తు డ్యూటీకి పోవాలె."

నేను గడియారం చూసుకుని తలెత్తాను. టేబుల్ మీద కాకి ఉంది.

చేప ముక్క లాక్కుని తిన్నది. టేబుల్ గుడ్డ మీద రెట్ట వేసింది. దయ్యాలు రెట్ట వేయవు, రాసి పెట్టుకోండి. బయటికి దారి తెలియక అద్దాలకు కొట్టుకుంది. వెయిటర్ తలుపు తెరిచి పట్టుకునేదాకా పోలేకపోయింది.

హాలంతా వెతికాను. నాలుగు కిటికీలు, ఏవీ తెరుచుకునేవి కావు. తలుపు ఒక్కటే, తెరిస్తే పైన గంట మోగుతుంది. కాకి వచ్చినప్పుడు మోగలేదు. ఏసీ జాలీలో నా వేలు కూడా పట్టలేదు. వంటగది ఫ్యానుకు ఇనుప జాలీ, ఎక్కడా చిరగలేదు. స్టూలెక్కి సీలింగ్ పలకలు ఒక్కొక్కటీ తట్టి చూశాను.

"పొద్దుగాలటి సంది నేనే ఉన్న సార్. ఏ పిట్టా రాలే" అన్నాడు వెయిటర్.

"అది ఉత్త కాకే అమ్మా! యాడికెల్లి వచ్చిందో తొవ్వ దొర్కనియ్యి, నీకే చూపిస్త" అన్నాను స్టూలు మీద నుంచే.

ఎల్లమ్మ ప్లేటు దగ్గరికి లాక్కుంది. "నువ్వు తొవ్వ ఎతుకు బిడ్డా. నేను తింట."

ఐదు ముద్దలూ తిన్నది. చేప మాత్రం తీసి నా వైపు జరిపింది.

అది యాదగిరి అంటే నేను ఒప్పుకోను. ఆ తర్వాత రెండుసార్లు టేపు పట్టుకుని ఆ హాలుకు వెళ్లాను. కాకి దూరేంత సందు ఎక్కడా దొరకలేదు.