నత్తగుల్లకు రెండు నిమిషాలు

మా మామ షెడ్డులో ఒక గుంత ఉంది. నిలువెత్తు లోతు, మనిషి పట్టేంత వెడల్పు. బండిని దాని మీద నిలబెట్టి, మేం కిందికి దిగి పని చేసుకుంటాం. పెళ్ళయిన కొత్తలో, మామగారింట్లో నాకిచ్చిన సొంత గది ఇదేనని నా భార్యతో అన్నాను. ఆమె నవ్వలేదు. ఇల్లరికం వచ్చినవాడి హాస్యానికి ఆ ఇంట్లో నవ్వే అలవాటు లేదని అప్పటికి నాకింకా తెలియదు.

షెడ్డు మార్కాపురంలో, కంభం పోయే రోడ్డు మీద. నా భార్య ఒక్కతే కూతురు. మామ పేరుమోసిన మేస్త్రీ. నాకు పని నేర్పిందీ ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. అంటే ఆయన ముందు నోరెత్తకపోవడానికి నాకు ఒకటికి రెండు కారణాలున్నాయన్నమాట.

మామకు ఒక పద్ధతి ఉంది. గేటు పక్కన ఇనుప కుర్చీలో కూర్చుంటాడు. ఏ బండి వచ్చినా అరచెయ్యి ఎత్తుతాడు. డ్రైవరు అక్కడే ఇంజను ఆపెయ్యాలి. కాసేపు నిశ్శబ్దం. తర్వాత "తిప్పు" అంటాడు. ఇంజను మళ్ళీ అందుకుంటుంటే కళ్ళు మూసుకుని వింటాడు. "నడిచే ఇంజను అబద్ధాలు చెప్తాది. నిద్ర లేచేటప్పుడు మాత్రం నిజమే చెప్తాది" అనేవాడు. ఆ మొదటి దగ్గులోనే జబ్బేమిటో చెప్పేసేవాడు, నూటికి తొంభైసార్లు అదే అయ్యేది. త్రిపురాంతకం నుంచి, హనుమంతునిపాడు నుంచి ట్రాక్టర్లు ఆ చెయ్యి కోసమే వచ్చేవి. పైగా మా వైపు మర్యాద కూడా అంతే. పెద్దమనిషి దారిలో చెయ్యెత్తితే బండి ఆపితే చాలదు, ఇంజనూ ఆపాలి. మోగుతున్న ఇంజను మీద నుంచి మాట్లాడేవాణ్ని బలిసినోడంటారు.

ఇక ఆ కారు సంగతి. ఇక్కడి పలకలు ఓడలెక్కి దేశాలు పోయిన కాలంలో, పలకల ఫ్యాక్టరీ పెద్దాయనొకాయన మద్రాసు హార్బరుకు తిరుగుతూ అక్కడొక ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండు తలుపులు, నేలకు ఆనినంత పొట్టి, లోపల ఇద్దరికే చోటు. పలకలు పోయాయి, ఫ్యాక్టరీ మూతపడింది, కారు మాత్రం మిగిలింది. దానికి టర్బో ఉంది. ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజనులోకి గాలిని కుక్కుతుంది, ఎక్కువ గాలికి ఎక్కువ బలం. అంతే సంగతి. పైకి చూడటానికి నత్తగుల్లలా ఉంటుంది కాబట్టి మామ దాన్ని నత్త అనేవాడు.

ఆ పాత నత్త అరిగిపోయింది. గిద్దలూరు దాటాక నల్లమల ఘాటులో, బరువుతో పోయే లారీలు కూడా పెద్దాయన్ని దాటేసి, వెనక్కి తిరిగి చూసి మరీ పోయేవట.

"సచ్చేలోగా ఒక్కసారన్నా లారీని దాటి ఎక్కాల అబ్బాయ్ ఆ ఘాటు. పెద్దది బిగించు" అన్నాడు పెద్దాయన నాతో.

నేను ఎగిరి గంతేశాను. పెద్ద టర్బో కోసం కోయంబత్తూరులో పందెం కార్లు తయారుచేసే ఒక షాపువాళ్ళను ఫోన్లో పట్టుకున్నాను. రోజూ వీడియోలు పంపి సలహాలడిగేవాణ్ని. ఒకరోజు ఆ షాపాయన, "ఇది మూడు నెలలు పొగ లేకుండా నడిస్తే, ఘాటెక్కే వీడియో పంపించి వచ్చెయ్. నీకు ఇక్కడ పనుంది" అన్నాడు.

ఆ మాట చెబితే నా భార్య అటక మీది సంచీ దించి దుమ్ము దులిపింది. ఆమె పుట్టిందీ, చదివిందీ, పెళ్ళి చేసుకుందీ ఆ గేటు చప్పుళ్ళ మధ్యనే. "ఇంజన్లు లేని ఊరు కావాలని నేనడగడంల్యా. నాయన కుర్చీ లేని ఊరైతే చాలు" అంది.

పెద్ద టర్బో బిగించాను. ఇరవై రోజులకు కారు నీలం పొగ కక్కుతూ వచ్చింది. టర్బో విప్పి చూస్తే, దాని రెండు చక్రాల్నీ కలిపే ఇరుసు చుట్టూ నూనె మాడి నల్లగా గట్టిపడి ఉంది. నూనె గొట్టం సన్నదై నూనె చాలడం లేదనుకుని కొత్తది వేసి, ఇరుసు మార్చి మళ్ళీ బిగించాను. నెలకు మళ్ళీ పొగ. ఈసారి పలకల దుమ్ముదే తప్పని తీర్పిచ్చి, గాలి పీల్చే చోట రేకుతో పెట్టె చేసి జల్లెడ బిగించాను. అది చూసి మామ నవ్వాడు.

"నత్తను తెచ్చి ఎద్దు మెడకు కట్టినావు. అదెట్ల నడుస్తాది అల్లుడూ?"

కుడితిలో పడ్డ ఎలుక అంటారు చూడండి, గుంతలో నేను అదే. పైన ఇనుము, రెండు పక్కలా సిమెంటు, మెడ మీద బొట్టుబొట్టుగా నూనె. అక్కడి నుంచి మనుషుల కాళ్ళే కనపడతాయి. వచ్చేవాళ్ళ కాళ్ళు, పోయేవాళ్ళ కాళ్ళు, గేటు పక్కన ఎప్పుడూ కదలని మామ కాళ్ళు. ఎదురు టీ దుకాణంలో, "అల్లుడుగారు కారు కింద కాపురం పెట్టినాడంట కదా" అని నవ్వుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆ కారును తగలబెట్టాలనిపించేది. అంతలోనే అదొక్కటే బయటికి పోయే దారని గుర్తొచ్చి మళ్ళీ రెంచీ పట్టుకునేవాణ్ని. కోయంబత్తూరాయన కూడా ఇదే చివరిసారి అనేశాడు.

మూడోసారి బిగించాక పెద్దాయన పక్కన కూర్చుని నేనూ పోయాను. తర్లుపాడు, కంభం, గిద్దలూరు, ఆ పైన ఘాటు. ఇంజను బంగారంలా లాగింది. తిరుగు దారిలో, ఘాటు దిగువన మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఒకడు చెయ్యెత్తాడు. పెద్దాయన ఠక్కున తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. బాగోగులు మాట్లాడుకున్నారు. గిద్దలూరులో ఇంకెవరో బావ, మళ్ళీ ఠక్. కంభంలో చర్చి దగ్గర పాస్టరు, ఠక్. తర్లుపాడులో ఎవరో వదిన, ఠక్. నేను నెత్తి కొట్టుకున్నాను. ఘాటెక్కి వచ్చిన టర్బో నిప్పులా కాగి ఉంటుంది. దాన్ని చల్లార్చేది లోపల పారే నూనె. ఇంజను ఆపగానే ఆ పారకం ఆగిపోతుంది, ఆగిన నూనె బాణలిలో మాడినట్టు అక్కడే మాడుతుంది. ఆగిన చోట రెండు నిమిషాలు ఇంజను ఊరికే నడవనిస్తే చాలు, ఏమీ కాదు. గొట్టానిదీ కాదు, దుమ్ముదీ కాదు తప్పు. టర్బోను రెండుసార్లు చంపింది మా మర్యాద.

"ఇంజను మోగుతా వుంటే పెద్దోళ్ళతో మాట్లాడేదెట్ల అబ్బాయ్?" అన్నాడు పెద్దాయన, నేను చెప్పింది విని.

"మాట్లాడబాకు పెదనాయనా. రెండు నిమిషాలు ఆగి, ఆపి, అప్పుడు మాట్లాడు."

ఆయన ఫ్యాక్టరీలోనే మిగిలిన చిన్న పలక ఒకటి తెచ్చి, దాని మీద తెల్ల పెయింటుతో 'ఆగినాక రెండు నిమిషాలు ఇంజను ఆపొద్దు' అని పెద్దక్షరాలతో రాసి అద్దం ముందు పెట్టాను. పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "ఆగు బావా, నత్త సల్లారాల!" అని అరిచేవాడు. ముసలితనంలో కావరమెక్కిందని నలుగురూ అనుకున్నారు, అయినా ఆపలేదు.

ఒక్క చోట మాత్రం ఆయన వల్లా కాలేదు, నా వల్లా కాలేదు. మా గేటు దగ్గర. అక్కడ మామ చెయ్యి ఉంది. నీ చెయ్యే టర్బోను చంపుతోందని మామకు నేనెలా చెప్పాలి? నలభై ఏళ్ళు ఆ చేతికి ఇంజన్లు ఆగాయి. నా బతుకూ ఆ చేతి కిందే. కక్కలేక మింగలేక, దొంగదారి ఒకటి కనిపెట్టాను. పెద్దాయన వచ్చేటప్పుడు మలుపు అవతలే, మామకు కనపడకుండా రెండు నిమిషాలు నిలబడి, కారు చల్లారాక గేటు దగ్గరికి వచ్చేవాడు. మామ చెయ్యెత్తేవాడు. ఆయన ఆపేవాడు. మూడు నెలలు అలాగే గడిచాయి, పొగ రాలేదు.

ఘాటెక్కే వీడియో తీసే రోజు పెద్దాయన తాళాలు నాకిచ్చి, "మీరిద్దరే పోయి రాండి" అన్నాడు. నేను నడిపాను, నా భార్య ఫోన్ పట్టుకుంది. మలుపుల మీద ఒకటి కాదు, మూడు లారీల్ని దాటాం. మూడోదాన్ని దాటినప్పుడు ఆమె పెద్దగా నవ్వింది. పెళ్ళయ్యాక ఆ నవ్వు వినడం అదే మొదలు. ఊరు దగ్గర పడుతుంటే ఆమె నవ్వు మాని అంది.

"ఈపొద్దు మలుపు కాడ నిలబడబాకు. సక్కా గేటు కాడికే పో. నాయన ముందరే రెండు నిమిషాలు నడవనీ. ఎందుకని అడుగుతాడు. చెప్పు. అట్లే పోతున్నామని కూడా చెప్పు."

సరేనన్నాను. నిజంగానే అన్నాను. మలుపు దాటేశాను. గేటు వచ్చింది. మామ కుర్చీలోంచి లేచి నిలబడి మరీ అరచెయ్యి ఎత్తాడు.

"ఆపొద్దు" అంది నా భార్య, పెదవి కదలకుండా.

అద్దం ముందు పలక ఉంది. దాని మీద నేను రాసిన అక్షరాలే ఉన్నాయి. నా చేతికి అవేవీ పట్టలేదు. తాళం తిరిగింది. ఇంజను ఆగిపోయింది.

ఆమె తలుపు తీసుకుని దిగి, ఎవరి వంకా చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను "తిప్పు" అనే మాట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. మామ అనలేదు. వంగి కిటికీలోంచి చెయ్యి పెట్టి పలక తీసుకున్నాడు. రెండో తరగతితో ఆగిన మనిషి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు.

"నెలకిందటే సదివినా దీన్ని. మీరు మలుపు కాడ దాంకుంటా వుండేది కూడా సూసినా" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "కోయంబత్తూరు సంగతి అమ్మాయి నాకు ఎప్పుడో చెప్పింది. ఈపొద్దు నేను చెయ్యెత్తినా ఆపకుండా వుంటే, పోండి నాయనా అని నేనే బస్సెక్కిద్దామనుకున్నా."

పలకను మళ్ళీ అద్దం ముందు జాగ్రత్తగా నిలబెట్టాడు.

"ఆపితివి" అన్నాడు.

నన్నెవరూ కట్టెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కినా ఎవరూ వద్దనేవాళ్ళు కాదు. అయినా నేను వీడియో పంపలేదు. కోయంబత్తూరు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, గుంతలో ఉన్నానని తియ్యలేదు. సంచీ కొన్నాళ్ళు మంచం కింద ఉండి, మళ్ళీ అటకెక్కింది.

కారు ఇప్పటికీ పొగ లేకుండా తిరుగుతోంది. పెద్దాయన వస్తాడు, గేటు ముందే నిలబడతాడు, ఇంజను రెండు నిమిషాలు నడుస్తుంది. మామ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అది చల్లారేదాకా ఓపిగ్గా కూర్చుంటాడు. ఆ రోజు నుంచి ఆ కారుకు ఆయన చెయ్యెత్తలేదు. నేను గుంతలోంచి తల పైకి పెట్టి చూస్తుంటాను.