పూజలో ఉన్న నాలుగో సెట్టు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. తార్నాకలో రెండు చినుకులు పడితే నా నోట్లో అది తుఫాను. దయ్యాలను మాత్రం ఏనాడూ నమ్మలేదు. యూనివర్సిటీ ఆఫీసు ఫైళ్లతో ఇరవై ఏళ్లు కాపురం చేసినవాణ్ణి దయ్యం ఏం భయపెడుతుంది?

తొంభైల మధ్యలో మా క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికి వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. ఎక్కడ ప్రమాదం జరిగినా వాచ్‌మన్ సెట్టులో చెప్పాలి, అంబులెన్స్ పరుగెత్తాలి. చేతిసెట్లు నాలుగు. ఒక్కోటి మా చిన్నమ్మాయి పుట్టినప్పటి బరువు. పెద్ద సెట్టు నా బల్ల పక్కన గోడకు బిగించారు. దానికి నేనే అధికారిని, అంటే దుమ్ము దులిపేవాణ్ణి. మాట్లాడటం అయ్యాక ‘ఓవర్’ అనాలని నెల రోజులు పాఠం చెప్పాను. ఒక్కడూ అనలేదు.

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ పెట్టుకున్నాం. పూజలో పెట్టిన పనిముట్టును హారతి అయ్యేదాకా ఎవరూ ముట్టరు. పసుపునీళ్లు పడి పాడవుతాయని నాలుగు సెట్ల బ్యాటరీలూ నా చేత్తో తీసి, సొరుగులో పెట్టి తాళం వేశాను. సెట్లకు బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, పీట మీద పేర్చాం. వాడిన పసుపుకు గది మొత్తానికి కామెర్లు వచ్చాయి. కదలని గోడ సెట్టుకు ఉన్నచోటే బొట్టు. ఈలోగా క్యాంపస్‌లో ఎవరికైనా ఏమైనా అయితే మాకెలా తెలుస్తుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

పదకొండయినా అంబులెన్స్ కడగడానికి నీళ్లు రాలేదు. కడగకుండానే దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశాం. డ్రైవర్ యాదగిరి కొత్త చొక్కా వేసుకుని సీతాఫల్‌మండి నుంచి వచ్చి, ఖాళీ బకెట్టుతో నిలబడ్డాడు.

“మోటార్ ఏసొస్తనని పోయిన మల్లయ్య గాడనే పండిండా ఏంది సార్?”

మల్లయ్య మా పంపు ఆపరేటర్.

“పండుగ గదన్నా, కల్లు దుకాణంల ఉంటడు,” అన్నాడు వాచ్‌మన్ సాయిలు, కొబ్బరికాయ పీచు తీస్తూ. నాలుగో నంబరు సెట్టు అతనిదే.

అప్పుడు గోడ సెట్టు గరగరలాడింది.

“నాలుగో నంబర్. మోటార్ రూమ్ కాడ మనిషి పడిపోయిండు. కరెంట్ కొట్టింది. జల్ది రండి. ఓవర్.”

అందరం పీట వైపు చూశాం. నాలుగో సెట్టు బంతిపూల మధ్య ఖాళీ పొట్టతో పడుకుని ఉంది. సాయిలు చేతిలోని కొబ్బరికాయ జారి నా కాలి మీద పడింది.

“నేను గీడనే ఉన్న గద సార్! నేను కాదు సార్!”

నేను ఒక్క ఎగురు ఎగిరి అంబులెన్స్‌లో పడ్డాను. కాంపౌండర్ నా వెనక ఎక్కాడు. చక్రాల కింది నిమ్మకాయలు హారతికి ముందే చితికిపోయాయి. యాదగిరి దండలతో సహా బండిని దూకించాడు.

మల్లయ్య మోటారు గది గడప మీద బోర్లా పడి ఉన్నాడు. చుట్టుపక్కల మనిషి జాడ లేదు, ఫోన్ లేదు. యాదగిరి మెయిన్ స్విచ్ ఆపేశాడు. కాంపౌండర్ ఛాతీ నొక్కీ నొక్కీ ఊపిరి తెప్పించాడు. ఇంకో రెండు నిమిషాలు ఆగితే దక్కేవాడు కాదని పెద్దాసుపత్రి డాక్టరు అన్నాడు.

తర్వాత సెట్లు బాగుచేసే మెకానిక్ వచ్చి అన్నీ విప్పి చూశాడు. బయటివాళ్ల మాటలు పొరపాటున వచ్చినా, మా నాలుగో నంబరు సంగతి వాళ్లకెలా తెలుస్తుందని తల గోక్కున్నాడు. మాణికేశ్వర్ నగర్‌లో మల్లయ్య భార్య మాత్రం అమ్మవారే పలికిందంటుంది. అమ్మవారికి ‘ఓవర్’ ఎవరు నేర్పారో నాకు అంతుపట్టదు. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

ఇందులో పెంచినవి చాలా ఉన్నాయి. పూర్తిగా కల్పించింది ఒక్కటే, నేను బండిలోకి ఎగరడం. నిజానికి నేను కుర్చీలోంచి లేవలేదు. “హారతి కానివ్వు యాదగిరీ, పూజ మధ్యలో బండి తియ్యకూడదు,” అన్నాను.

“మనిషి పోతుంటె హారతేంది సార్, జరుగు!” అని నా కుర్చీని పక్కకు నెట్టి వెళ్లిపోయాడు. మోటారు గది సంగతంతా అతను చెప్పగా విన్నదే.

నెల తర్వాత మల్లయ్య వచ్చి, “మీరు సెట్ కాడ ఉండబట్టి బతికిన సార్,” అని నాకు దండం పెట్టాడు.

నేను కాదనలేదు.