పేర్లు పెట్టకుండా దాచుకున్న డిజైన్లు

ఆకులకు ఎరుపు రంగు వేసిన రోజునే నాకు ఏదో తేడా వచ్చిందని తెలియాల్సింది.

మాది ఏలూరు, తంగెళ్లమూడి. ఇంటి ముందు వసారాలోనే మా మగ్గం. మా ఆయన రఫీ తివాచీలు నేసేవారు. డిజైన్ గీయడం నా పని. గళ్ల కాగితం మీద ఒక్కో గడిలో రంగు నింపుతాను. ఒక గడి అంటే మగ్గం మీద ఒక ముడి. ఇరవై రెండేళ్లు అదే చేశాను. ఆ మధ్యాహ్నం కొత్త బోర్డరు ఒకటి పూర్తిచేసి ఆయన చేతికిచ్చాను. ఆయన కాసేపు కాగితం వంక చూశారు.

"ఇదేంటి నసీమా, ఆకులన్నీ మెరూన్‌లో వేశావు?"

వేళాకోళం చేస్తున్నారనుకుని నవ్వాను. కాగితం తీసుకుని వెలుతురులో పెట్టి చూశాను. ఆకులూ, కాడలూ, పువ్వులూ అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. తడిసిన గోనెసంచి రంగు.

అప్పటికి నేను టీబీ మందులు వాడుతూ అయిదో నెల. మెడ దగ్గర గడ్డ వస్తే పరీక్ష చేసి టీబీ అన్నారు. మందులు మొదలుపెట్టిన రోజునే డాక్టరుగారు ఒక మాట చెప్పారు. "చూపు మసకగా అనిపించినా, రంగుల్లో తేడా తెలిసినా వెంటనే రండమ్మా. ఆలస్యం చేయకండి." ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుండి కూడా వెళ్లలేదు. నలభై దాటాయి కదా, కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను. మగ్గం మీద ఉన్న పని అయ్యాక వెళదాంలే అనుకున్నాను. అలా అయిదు వారాలు గడిచిపోయాయి. ఈ అనుభవంలో నేను ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. చెప్పాల్సినవాళ్లు చెప్పారు. వినాల్సింది నేను.

ఆరో వారంలో పేపరు చదవబోతే అక్షరాల మధ్యలో రంధ్రం పడినట్టయింది. అప్పుడు వెళ్లాం. కంటి డాక్టరమ్మ చుక్కలతో నిండిన పుస్తకం ముందుపెట్టి అందులో అంకె చెప్పమన్నారు. ఒక్క పేజీలో కూడా నాకు అంకె కనబడలేదు. విజయవాడ పంపించారు. అక్కడ విజువల్ ఫీల్డ్ టెస్ట్, ఓసీటీ, వీఈపీ అన్నీ చేశారు. రిపోర్టులన్నీ చూసి పెద్ద డాక్టరు గారు మా ఆయన వైపు తిరగకుండా నాతోనే మాట్లాడారు. అందుకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం.

"ఆప్టిక్ న్యూరోపతీ అమ్మా, కంటి నరం దెబ్బతింది. మీరు వాడే మందుల్లో ఇథాంబ్యుటాల్ అని ఒకటుంది, దానివల్ల వచ్చింది. కొద్దిమందికే ఇలా అవుతుంది. ఆ ఒక్క మందు ఈ రోజే ఆపేద్దాం. మీ టీబీ డాక్టరుతో నేను మాట్లాడతాను. మిగతావి మీ అంతట మీరు ఆపకూడదు."

"చూపు మళ్లీ వస్తుందా అండీ?" అని అడిగాను.

"కొందరికి వస్తుంది. కొందరికి కొంత వస్తుంది. కొన్ని నెలలు చూడాలి."

చూశాం. టీబీ తగ్గింది. చూపు రాలేదు. పూర్తిగా చీకటి కాదు నాది. చుట్టూ కొంత కనిపిస్తుంది, మధ్యలోది పోయింది. గుమ్మం తెలుస్తుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి తెలుస్తాడు, మొహం తెలియదు. మా ఆయన వైపు సూటిగా చూస్తే ఆయన మొహం ఉండాల్సిన చోట బూడిద మరక ఉండేది. గోడ వైపు చూస్తే ఆయన చెవి కాస్త కనిపించేది. కొన్నాళ్లు అలా పక్కకు చూస్తూ ఆయనతో మాట్లాడాను. తర్వాత అది కూడా మానేశాను.

డిజైన్లన్నీ కంప్యూటర్లో ఉన్నాయన్న ధైర్యం ఒక్కటే మిగిలింది. అంతకు కొన్నేళ్ల ముందు పెట్టెలో కాగితాలకు చెదలు పడితే, మిగిలినవన్నీ ఫోనుతో ఫొటోలు తీసి క్లౌడ్‌లో దాచాం. నూట ముప్పై డిజైన్లు. కాగితం పోయినా డిజైన్ పోదని ఆ రోజు మురిసిపోయాం.

విజయవాడ ఆసుపత్రిలోనే ఒకమ్మాయి సుజాత నంబరు ఇచ్చింది. సుజాతది తాడేపల్లిగూడెం. పుట్టుకతోనే చూపు లేదు, అయినా ఉద్యోగం చేస్తుంది, చూపు పోయినవాళ్లకు స్క్రీన్ రీడర్ నేర్పుతుంది. స్క్రీన్ రీడర్ అంటే కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్. ప్రతి ఆదివారం మా ఆయన నన్ను పాసింజరు బండిలో గూడెం తీసుకెళ్లేవారు. మొదటిరోజున సుజాత మా లాప్‌టాప్‌ని చేత్తో తడిమి చూసి, "రఫీ గారూ, ఆ మౌస్ తీసి సంచిలో పెట్టేయండి. అక్కకి ఇక దాంతో పనిలేదు" అంది.

నేర్చుకోవడం నేను అనుకున్నంత తేలిక కాలేదు. బాణం మీటతో ఒక్కో ఫైలూ దిగుతూ వెళ్లాలి. ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. ఎఫ్ 2 నొక్కితే పేరు మార్చుకోవచ్చు. బ్రౌజర్లో అయితే ఇంకో చిక్కు. మనం నొక్కిన మీటల్ని స్క్రీన్ రీడర్ తనకోసమే అనుకుని మింగేస్తుంది, వాటిని వెబ్ పేజీకి వదలమని దానికి వేరే మీటతో చెప్పాలి. ఏ మీట ఎవరు వింటున్నారో తెలియక మొదట్లో ఏడుపొచ్చేది.

నా డిజైన్ల ఫోల్డర్ నేను మొదటిసారి విన్న రోజు మర్చిపోలేను. ఐ ఎమ్ జి, అండర్‌స్కోర్, తర్వాత పద్నాలుగు అంకెలు. బాణం నొక్కాను. మళ్లీ ఐ ఎమ్ జి, మళ్లీ అంకెలు. నూట ముప్పై ఫైళ్లూ అంతే. ఫోను పెట్టిన పేర్లు అవి. మేం ఒక్కదానికీ పేరు పెట్టుకోలేదు. చూస్తే తెలుస్తుంది కదా, పేరెందుకు అనుకున్నాం.

ఆ సాయంత్రం గూడెం నుంచి తిరుగు బండి ఎక్కాం. భీమడోలు దాటాక మా ఆయన అన్నారు. "నేను చూసి చెబుతాను. నువ్వు పేర్లు పెట్టు. పేర్లే కాదు, గళ్లు కూడా చెబుతాను. వరుసకి ఎన్ని ముడులు, ఏ రంగు. నువ్వు టైపు చేసుకో. అప్పుడు నీకు కాగితంతో పనేముంది?"

మొదలుపెట్టిన వారానికే నావల్ల పెద్ద పొరపాటు జరిగింది. ఆయన బజారుకి వెళ్లారు. వచ్చేలోగా నేనే ఒక పేరు మారుద్దామని కూర్చున్నాను. ఎఫ్ 2 నొక్కాను. పాత పేరు మొత్తం ఎంచుకోడానికి కంట్రోల్ ఎ, చెరపడానికి డిలీట్. స్క్రీన్ రీడర్ ఏదో చెప్పబోయింది. నేను వినకుండా తర్వాతి మీట నొక్కేశాను. మీట నొక్కితే అది మాట మధ్యలోనే ఆపేస్తుంది. కాసేపటికి పైకీ కిందకీ బాణాలు నొక్కితే ఒకటే మాట: "ఈ ఫోల్డర్ ఖాళీగా ఉంది."

నేను నొక్కిన ఎఫ్ 2 సరిగ్గా పడక పేరు మార్చే పెట్టె తెరుచుకోనేలేదు. నేను పేరులోని అక్షరాలు ఎంచుకున్నాననుకున్నది ఫైళ్లన్నిటినీ ఎంచుకోవడం. నేను చెరిపింది నూట ముప్పై డిజైన్లు. మా ఆయన వచ్చి ఫోనులో చూశారు. "ఇందులో కూడా ఏం లేవు నసీమా." అక్కడ పోతే ఇక్కడా పోతుంది, క్లౌడ్ అంటే అదే కదా. నేను గోడకి చేరగిలబడిపోయాను. ఆయన సుజాతకి ఫోను చేసి నా చెవి దగ్గర పెట్టారు.

"ఏడవకండి అక్కా. ముందు ఊపిరి పీల్చుకోండి. ట్రాష్ అని ఉంటుంది, వెతకండి. మీరు వాడేదాంట్లో నెల రోజులు ఉంచుతాడు."

నెమ్మదిగా వెతికాం. ఉన్నాయి. రిస్టోర్ అని వినిపించాక ఎంటర్ కొట్టాను. సుజాత ఫోను పెట్టేసే ముందు అంది. "అక్కా, ఇది మీకు చూపించదు, చెబుతుంది. అది చెప్పడం పూర్తయ్యేదాకా మీరు ఆగాలి." అప్పటి నుంచి ఆగడం నేర్చుకున్నాను.

పొద్దున ఆయన మగ్గం మీద, మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన. ఒక్కో ఫొటో తెరిచి ఆయన చెప్పేవారు, నేను పేరు పెట్టేదాన్ని. "ఇది మల్లెమొగ్గల బోర్డరు, పెళ్లయిన కొత్తలో వేశావు." "ఇది కైకలూరు అవతల ఆటపాకలో గూడబాతుల్ని చూసొచ్చి వేసింది. ఆ రోజు పడవలో నీ చెప్పు నీళ్లలో పడింది." "ఇది నాకు నచ్చలేదు, అప్పుడు చెప్పలేదంతే." పోనీ అదే పేరు పెట్టనా అంటే పెట్టమన్నారు. ఇప్పటికీ ఒక ఫైలు పేరు "రఫీకి నచ్చని మామిడిపిందెలు".

పేర్లు కొన్ని పెట్టాక ముఖ్యమైన డిజైన్లకు వరుసలు చెప్పడం మొదలుపెట్టారు. "ఒకటో వరుస. మెరూన్ ఆరు. ఆకుపచ్చ రెండు. పాలరంగు ఒకటి." ఒక డిజైన్ పూర్తవడానికి నెల పట్టేది. అప్పుడప్పుడూ చెబుతూ చెబుతూ ఆగి, "ఎంత బాగా వేశావే" అనేవారు. చూపున్నప్పుడు ఆ మాట ఎప్పుడూ అనలేదు.

నలభై ఒక్క పేర్లు, ఆరు డిజైన్లు అయ్యాయి. ఏడోది సగంలో ఉంది. శుక్రవారం, నమాజుకి వెళ్లొచ్చి భోంచేసి కూర్చున్నారు. "అరవై మూడో వరుస. కుంకుమరంగు నాలుగు" అని ఆగారు. "ఛాతీలో మంటగా ఉంది. కాసిని మంచినీళ్లు ఇవ్వు."

వంటింట్లోకి తడుముకుంటూ వెళ్లి గ్లాసు పట్టుకొచ్చాను. ఇస్తే అందుకోలేదు. ఆయన వైపు చూశాను. మొహం ఉండాల్సిన చోట ఎప్పటిలాగే బూడిద మరక. కోపమొచ్చిందేమో అనుకున్నాను, దేవుడా. భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు తెలిసింది.

కేకలు వేస్తే మా మగ్గం మీద పనిచేసే మస్తానమ్మ వసారాలోంచి పరిగెత్తుకొచ్చింది. ఆటోలో తీసుకెళ్లాం. ఆసుపత్రిలో అడిగారు. "చెమటలు పట్టాయా అమ్మా? మొహం పాలిపోయిందా? ఎంతసేపటి నుంచి అలా ఉన్నారు?" పక్కనే కూర్చున్నాను, నేను చూడలేదు. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, "మాసివ్ హార్ట్ ఎటాక్ అమ్మా. ఇక్కడికి వచ్చేసరికే అయిపోయింది. మీరు చూసినా చేయగలిగింది తక్కువే" అన్నారు. ఆ చివరి మాట నిజమో, నాకోసం అన్నదో తెలియదు.

భర్త పోయిన ఆడవాళ్లు పాటించే ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులూ ఇల్లు కదల్లేదు. లాప్‌టాప్ తెరవలేదు. గడువు అయిన చాన్నాళ్లకు ఒకరోజు తెరిచి ఏడో ఫైలు విన్నాను. ఒక్కో వరుసా స్క్రీన్ రీడర్ ఒకే గొంతుతో చదువుకుంటూ పోయింది. అరవై మూడో వరుస, కుంకుమరంగు నాలుగు. బాణం నొక్కాను. "ఖాళీ" అంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. ఆ రోజు ఇక ఏ పనీ చేయలేకపోయాను.

మగ్గం అమ్మేద్దామనుకున్నప్పుడు మస్తానమ్మ ఒప్పుకోలేదు. తొమ్మిదేళ్లు ఆయన పక్కన కూర్చుని ముడులు వేసిన మనిషి. "రఫీ గారు చెప్పించినవి ఆరు ఉన్నాయి కదండీ. మీరు చదవండమ్మా, నేను వేస్తాను" అంది.

అలా చేస్తున్నాం. నేను ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వింటాను, పైకి చెబుతాను. తను ముడి వేస్తుంది. మొదట గూడబాతుల తివాచీ వేశాం. దించిన రోజున కింద పరిచి దాని మీద చెయ్యి పెట్టాను. ఉన్ని తెలిసింది, పిట్ట ఎక్కడుందో తెలియలేదు.

"ముక్కులు పసుపేనా మస్తానమ్మా?"

"పసుపేనండి. చక్కగా వచ్చాయండి."

నమ్మడం తప్ప నేను చేయగలిగింది లేదు. చూపు పోవడం కంటే ఇదే నాకు ఇప్పటికీ అలవాటు కాని సంగతి.

ఆయన పోయేనాటికి ఇంకా ఎనభై తొమ్మిది ఫైళ్లు అంకెలతోనే మిగిలాయి. ఫొటోలో ఏముందో చెప్పే యాప్‌లు వచ్చాయని సుజాత ఒకటి పెట్టించింది. నా పాత డిజైన్లలో దేన్ని చూపించినా "పువ్వులు ఉన్న తివాచీ నమూనా" అంటుంది. అబద్ధం కాదు, కానీ దాంతో ఏం వెతుక్కుంటాను? మస్తానమ్మను అడిగితే ఓపిగ్గా చూసి చెబుతుంది. ఫొటోలో చూస్తే తనకు మెరూన్ ఎరుపే, కుంకుమరంగూ ఎరుపే. ఆ రెంటికీ తేడా చెప్పిన మనిషి లేరు. దొరికినంత పేరు పెట్టుకుంటున్నాం, వారానికి ఒకటో రెండో. ఏడో డిజైన్ ఫైలులో ఇప్పటివరకూ ఒక్క అక్షరం కూడా చేర్చలేదు. చేర్చాలని మస్తానమ్మ అంటుంది. చూద్దాం.

ఇది చదువుతున్నవాళ్లలో చూపు తగ్గుతున్నవాళ్లుంటే, లేదా ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, ఒక్క పని చేయండి. ఫోనులో, క్లౌడ్‌లో ఉన్న ఫొటోలకీ కాగితాలకీ ఇప్పుడే పేర్లు పెట్టండి. అది ఏమిటో తెలిసిన మనిషి పక్కన ఉండగానే, ఆయన మాటల్లోనే పెట్టండి. ఒక్కోదానికి అర నిమిషం కూడా పట్టదు. మా ఇద్దరికీ అలాంటి అర నిమిషాలు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉండేవి.